డ్యూటీ దిగిన మనిషికి వేడినీళ్లు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నాన్నగారికి 77 ఏళ్లు. హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. నాలుగేళ్ల కిందట అల్జీమర్స్ అని తేలింది. అమ్మ పోయాక ఇంట్లో చూసుకునే మనిషి లేక, ఎనిమిది నెలల కిందట మధురవాడ వైపు ఒక వృద్ధుల కేంద్రంలో చేర్చాం. సాయంత్రం నాలుగయ్యేసరికి చేతిసంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడి "డ్యూటీ దిగిపోయాను, బస్సు ఎల్లిపోద్ది, గేటు తియ్యండి" అని గొడవ చేస్తున్నారట. పొద్దున్న అయిదున్నరకు స్నానం చేయించబోతే కొడుతున్నారట. అందుకని రెండు నెలలుగా ఏదో మాత్ర వేస్తున్నారు. గొడవ తగ్గింది గానీ, నేను ఎప్పుడు వెళ్లినా మగతగా పడుకునే ఉంటున్నారు, నడక తడబడుతోంది. మందులు లేకుండా చేయగలిగింది ఏమీ లేదా? కంప్యూటర్‌లో మెదడుకు ట్రైనింగ్ ఇచ్చి జ్ఞాపకశక్తి తెప్పిస్తామని ఒకాయన అరవై వేల ప్యాకేజీ చెప్పాడు. కట్టమంటారా? నన్ను కూడా ఒక్కోసారి గుర్తుపట్టడం లేదు, వెళ్లి ఏం లాభం అనిపిస్తోంది. సంక్రాంతికి ఇంటికి తీసుకురావచ్చా?
– ఒక కూతురు

సమాధానం: అమ్మా, ముందు ఆ అరవై వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బొమ్మలు గుర్తుపట్టించడం, అంకెలు అప్పజెప్పించడం చేస్తే ఆ ఆటలో కాస్త చెయ్యి తిరగవచ్చేమో గానీ, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, బాత్రూమ్ దారి కనుక్కోవడానికి అది పనికిరాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2018లోనే అల్జీమర్స్ తొలి, మధ్య దశల్లో ఉన్నవారికి ఈ రకం ట్రైనింగ్ ఇవ్వవద్దని చెప్పింది. పోయిన జ్ఞాపకశక్తి తెప్పిస్తామని ఎవరన్నా సరే, అది ప్యాకేజీ అయినా లేహ్యమైనా, అక్కడితో లేచి వచ్చేయండి. మందులు లేని పునరావాసం పెట్టుకునే లక్ష్యం చాలా చిన్నది. ఇంకా చేతనవుతున్న పనులు చెయ్యి జారిపోకుండా చూడటం, భయం, చిరాకు తగ్గించడం, రోజు సాఫీగా గడిచేలా చేయడం. దానికి డబ్బు కన్నా మనుషుల టైమ్ ఎక్కువ కావాలి.

రెండో సంగతి ఆ మాత్ర. పేరు మీరు రాయలేదు, అంటే మీకు చెప్పి ఉండరు. రేపే అడిగి, చీటీ చూసి, పేరూ మోతాదూ రాసుకోండి. ఇలాంటి గొడవకు ఎక్కువగా రాసేవి క్వెటియాపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న పెద్దవాళ్లలో ఈ జాతి మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తన దగ్గరున్న అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. 2008లో దాన్ని పాత తరం మందులకూ వర్తింపజేసింది. అసలు వాడనే కూడదని కాదు. మనిషి తనకో పక్కవాళ్లకో నిజంగా ప్రమాదం తెచ్చేలా ఉన్నప్పుడు, తక్కువ మోతాదులో, కొన్ని వారాలకు, అవసరం ఉందో లేదో మళ్లీ మళ్లీ చూసుకుంటూ వాడాలి. స్నానానికి ఒప్పుకోవడం లేదని రెండు నెలలు వేయడం వేరే సంగతి. అయితే మీ అంతట మీరు ఆపేయకండి. మగత, తడబడే నడక రెండూ ఉన్నాయి కాబట్టి, ఈ వారంలోనే రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి "తగ్గించి ఆపడానికి వీలుందా" అని నేరుగా అడగండి. ఒళ్లు బిగుసుకుపోవడం, మింగలేకపోవడం, పడిపోవడం కనిపిస్తే వారం ఆగొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. డొనెపెజిల్ లాంటి మతిమరుపు మాత్ర ఏదైనా వాడుతుంటే దాని సంగతి వేరు, రెండూ కలిపేసి ఆపించకండి.

అదే రోజు ఇంకొన్ని చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పంటి నొప్పి, మోకాలి నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం. నొప్పి అని చెప్పలేని మనిషి చెయ్యెత్తి చెబుతాడు. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు, లోపల ఏదో జబ్బు చేసి ఉండవచ్చు. చెవులు తప్పకుండా చూపించండి. షిప్‌యార్డు మోతలో అన్నేళ్లు పనిచేసిన వెల్డరుకు వినికిడి దెబ్బతినకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. గుబిలి తీయించినా చాలామందిలో తేడా కనిపిస్తుంది. కేర్‌టేకర్ వెనకనుంచి వచ్చి "తాతా, స్నానం" అని చెయ్యి పట్టుకుంటే, ఆ మాట వినబడని మనిషికి అది ఎవరో వచ్చి మీద పడటమే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు రెండు గొడవలు రాశారు, పొద్దున్న స్నానం, సాయంత్రం గేటు. నాకవి రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. షిప్‌యార్డు, పోర్టు, స్టీల్‌ప్లాంటు ఇళ్లలో పెరిగినవాళ్లను ఎవర్నయినా అడగండి, డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మనిషి మొదట చేసేది స్నానం. మసి, చెమట, వెల్డింగు వాసన వదిలేదాకా వేడినీళ్లు పోసుకోవడం, బట్టలు మార్చుకోవడం, ఆ తర్వాతే టీ, ఆ తర్వాతే మాట. మీ నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా చేసింది ఇదే అయి ఉంటుంది. అలాంటి మనిషిని తెల్లవారీ తెల్లవారకముందే నిద్రలేపి బట్టలిప్పి నీళ్లు పోస్తున్నారు. సాయంత్రం ఒళ్లంతా "ఇంటికెళ్లి స్నానం చెయ్యాలి" అంటున్న వేళకు టీవీ ముందు కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఆయన గేటు దగ్గరికి వెళ్లక ఏం చేస్తారు?

కాబట్టి కేంద్రం మేనేజరును ఒక్కటే కోరండి, రెండు వారాల పాటు స్నానం సాయంత్రం నాలుగింటికి మార్చమని. పొద్దున్న ముఖం కడిగి, తడిగుడ్డతో తుడిచి, బట్టలు మారిస్తే చాలు. వాళ్లు వెంటనే ఒప్పుకోరు. చాలాచోట్ల నైట్ డ్యూటీ వాళ్లు దిగేలోపు స్నానాలన్నీ అయిపోవాలన్నది పద్ధతి. అది సిబ్బంది వీలు కోసం పెట్టుకున్న టైమ్, ఒక్క మనిషికి మార్చడం అసాధ్యమేమీ కాదు. గేటు దగ్గర ఇద్దరు పెనుగులాడే అరగంట మిగులుతుందని చెప్పండి, ఆ లెక్క వాళ్లకు త్వరగా ఎక్కుతుంది.

నాలుగింటికి పది నిమిషాల ముందే, ఆయన సంచి తీయకముందే, తెలిసిన కేర్‌టేకర్ ఒక్కరే ఎదురుగా వెళ్లాలి. "రండి ఫోర్‌మన్‌గారూ, అలసిపోయారు. నీళ్లు తోడాను." ఇందులో అబద్ధం లేదు చూడండి. బస్సు లేదని, రిటైరై ఇన్నేళ్లయిందని, భార్య పోయిందని ప్రతి సాయంత్రం కొత్తగా చెప్పి ఏడిపించాల్సిన పని లేదు. బస్సు వస్తోందని మోసం చేయాల్సిన పనీ లేదు. ఆయన అడుగుతున్నది ఇల్లు, విశ్రాంతి. దానికి జవాబు చెబితే సరిపోతుంది. తేదీ, వారం, ఊరు అదేపనిగా గుర్తుచేస్తూ సరిదిద్దే పద్ధతి 1960ల నాటికి అమెరికా ఆసుపత్రుల్లో వాడుకలోకి వచ్చింది. గోడ మీద పెద్ద క్యాలెండరు వరకు అది మంచిదే, వాదనగా మారితే మాత్రం మనిషిని అవమానించడమే.

స్నానంలో చిన్న చిన్న సంగతులు ముఖ్యం. నీళ్లు ముందే కలిపి ఉంచాలి, బాత్రూమ్ చల్లగా ఉండకూడదు. బట్టలు పూర్తిగా విప్పకుండా భుజాల మీద, నడుము చుట్టూ తువ్వాలు ఉంచి, దాని కిందనుంచే రుద్దాలి. మొదటి చెంబు నీళ్లు ఆయన చేతికే ఇవ్వాలి. కాళ్లతో మొదలుపెట్టి తల చివరికి ఉంచాలి, ఎందుకంటే తల మీద హఠాత్తుగా నీళ్లు పడగానే చాలామంది బెదిరిపోతారు. ఒక్కో పనికీ ఒక్క చిన్న మాట, "ఇప్పుడు చెయ్యి", "ఇప్పుడు వీపు". అమెరికా నర్సింగ్ హోముల్లో ఇలా ఒళ్లు కప్పి ఉంచి, మనిషి వీలును బట్టి చేయించిన స్నానాల మీద 2004లో అధ్యయనం వచ్చింది, కొట్టడం, అరవడం బాగా తగ్గాయి. ఏ రోజైనా ససేమిరా అంటే వదిలేసి వేడి తువ్వాలుతో ఒళ్లు తుడిచేస్తే కొంప మునగదు. స్నానమయ్యాక టీ, దాంతో ఏదో ఒక కరకరలాడేది. అప్పటికీ గేటు అంటే ఆయనతోపాటు కాంపౌండు చుట్టూ ఒక రౌండు నడిచి రమ్మనండి. ఎదురు నిలబడి ఆపితే పెరిగే కోపం పక్కన నడిస్తే తగ్గుతుంది.

ఒక నోటుబుక్కు పెట్టించండి. గొడవ ఏ టైమ్‌కి, దానికి ముందు ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు, తర్వాత ఏమైంది, రెండు ముక్కలు చాలు. రెండు వారాల తర్వాత డాక్టరు ముందు పెట్టడానికి దీన్ని మించిన రిపోర్టు ఉండదు. మాత్ర తగ్గించవచ్చో లేదో తేల్చేది కూడా అదే.

మీరు అడిగిన "మందులు లేని వైద్యం" కింద గట్టి రుజువున్నది ఇంకోటి ఉంది, కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ. పేరు పెద్దది గానీ చూస్తే రచ్చబండ లాగే ఉంటుంది. ఆరేడుగురు గుండ్రంగా కూర్చుంటారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ముప్పావుగంట, ఏడు వారాల్లో 14 సార్లు. బ్రిటన్‌లో వృద్ధుల కేంద్రాల్లో, డే సెంటర్లలో 201 మంది మీద దీన్ని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆలోచనా శక్తి, జీవన నాణ్యత కొలతలు రెండూ మెరుగుపడ్డాయి, మతిమరుపు మందులతో పోల్చదగినంతగా. నైస్ కూడా తొలి, మధ్య దశలవారికి దీన్ని సిఫార్సు చేసింది. చెన్నైలో పరిశోధకులు దీన్ని తమిళనాడు అలవాట్లకు తగ్గట్టు మార్చి వాడారు, కాబట్టి మన దగ్గర నడవదనే మాట చెల్లదు. తెల్లదొరల పద్ధతి కదా, మన పెద్దవాళ్లకు ఎక్కుతుందా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందుకే చెబుతున్నాను.

ఇందులో కిటుకు ప్రశ్న అడిగే తీరులో ఉంది. "ఇదేంటో చెప్పండి" అంటే పరీక్ష అయిపోతుంది, చెప్పలేనివాడు తల దించుకుంటాడు. "వంజరం బాగుంటుందా, చందువా బాగుంటుందా?" అంటే తప్పు జవాబు ఉండదు. మొదట ఒక బంతి చేతులు మారుతూ పేర్లు, తర్వాత అందరికీ తెలిసిన ఒక పాట, బోర్డు మీద ఈ రోజు వారం, వాతావరణం, ఆపైన ఆ రోజు విషయం. ఒక రోజు వంటింటి వాసనలు: మూతపెట్టిన చిన్న డబ్బాల్లో ఇంగువ, ఆవపిండి, కాఫీపొడి, చింతపండు. ఒక రోజు పాత విశాఖ ఫోటోలు, పూర్ణామార్కెట్, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు. మీ నాన్నగారున్న బృందంలో ఓడల రోజు పెట్టించండి. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన జలఉష ఓడ కథ షిప్‌యార్డులో పనిచేసినవాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. వెల్డింగు మాస్కు, పాత ఐడీ కార్డు, తోలు గ్లవ్స్ మీ ఇంట్లో ఏ అటక మీదో ఉంటే తెచ్చివ్వండి. పేరు గుర్తురాని మనిషి చేతికి ఆ గ్లవ్ ఇస్తే వేళ్లు వాటంతటవే దూరతాయి. చేతికి తెలిసిన పనులు మాటల జ్ఞాపకం కన్నా చాలాకాలం నిలుస్తాయి.

దీన్ని నడపడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు, ట్రైనింగ్ తీసుకున్న కేర్‌టేకర్ చేయగలదు. అయితే ఇది తొలి, మధ్య దశల వాళ్లకు. నాన్నగారిది ఏ దశో డాక్టరును అడగండి. మగతలో ఉన్న మనిషిని మాత్రం ఏ బృందంలో కూర్చోబెట్టినా లాభం లేదు, అందుకే మాత్ర సంగతి ముందు చెప్పాను.

బృందం లేని రోజుల్లో ఆయనకంటూ ఒక పని ఉండాలి. మేకులు, నట్లు, బోల్టులు సైజుల వారీగా వేరుచేసి డబ్బాల్లో వేయడం (నోట్లో పెట్టుకునే అలవాటు లేకపోతేనే), చిక్కుడుకాయల ఈనెలు తీయడం, తువ్వాళ్లు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు. "తాత చేత పని చేయిస్తున్నారు" అని బంధువులు మూతి విరిస్తే విరవనివ్వండి. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చోవడం విశ్రాంతి కాదు. పాటల విషయం కూడా అంతే. హాలులో రోజంతా మోగే టీవీ కన్నా, ఆయన కుర్రతనంలో రేడియోలో విన్న పాటలు అరగంట, ఆయన ఒక్కరికి వినిపించడం మేలు. పదిహేను నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్నవి అన్నిటికన్నా లోతుగా ఉండిపోతాయి.

నడక గురించి. మంచానికి అతుక్కుపోయిన పెద్దవాళ్లలో కండ చాలా త్వరగా కరిగిపోతుంది, మగతకు అది తోడైతే తుంటి విరగడమే మిగులుతుంది. మాత్ర తగ్గాక ఫిజియోథెరపిస్టును పిలిపించి చూపించండి. రోజూ చేయించడానికి మాత్రం ఒక్కటి చాలు: చేతుల కుర్చీలో నుంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం, పక్కన మనిషి ఉండగా అయిదారు సార్లు, పూటపూటకీ. పొద్దున్నే ఎండలో కాసేపు నడిపిస్తే రాత్రి నిద్ర కూడా కుదుటపడుతుంది. మన ఊరి ఉక్కపోతలో నీళ్లు అడగడం మర్చిపోతారు, గంటకోసారి చిన్న గ్లాసుతో మజ్జిగో నీళ్లో చేతికివ్వాలి. జగ్గు పక్కన పెట్టి వదిలేస్తే తాగరు.

గది చూసి రండి. తలుపు మీద పేరు కన్నా ఫోటో పనికొస్తుంది, అదీ ఇప్పటిది కాదు, షిప్‌యార్డు రోజులది. తనకు ఇంకా నలభై ఏళ్లనుకునే మనిషి తెల్లజుట్టు ఫోటోను గుర్తుపట్టకపోవచ్చు. బాత్రూమ్ తలుపుకు ముదురు రంగు వేయిస్తే దానికది కనబడుతుంది. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ ఆయన కంటికి ఆనదు, రంగు సీటు వేయించండి. కాళ్లు తుడుచుకునే నల్లటి పట్టా చాలామందికి గొయ్యిలా కనిపిస్తుంది, తీసేయించండి. తెల్లన్నం తెల్ల ప్లేటులో కలిసిపోయి సగం వదిలేస్తుంటే రంగు కంచం మార్చి చూడండి. అరిటాకు దొరికిన రోజున అరిటాకు ఇంకా మంచిది.

ఆ తర్వాత మీరు ఒక కాగితం రాయాలి. ఇది మీరు తప్ప ఎవరూ రాయలేరు. అక్కడ పనిచేసే ఆయమ్మలకు ఆయన ఎవరో తెలియదు. వాళ్లకు ఆయన మూడో మంచం తాత. ఒక్క పేజీలో పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన అంటించండి: ఎక్కడ పనిచేశారు, ఏమని పిలిస్తే పలుకుతారు, టీలో చక్కెర ఎంత, ఏ దేవుడికి దణ్ణం పెడతారు, దేనికి భయం, ఏ పాటకు తల ఊపుతారు, భార్య పేరు ఎత్తితే ఏమవుతుంది. ఏడాదికోసారి సింహాచలం గిరిప్రదక్షిణ చేసే మనిషైతే అది కూడా రాయండి. బ్రిటన్‌లో 69 వృద్ధుల కేంద్రాల్లో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సిబ్బందికి మనిషిని తెలుసుకుని చూసుకోవడంలో శిక్షణ ఇచ్చి, ఇష్టమైన పనులు, మాటలు పెంచితే ఆందోళన తగ్గిందని, జీవన నాణ్యత మెరుగుపడిందని తేలింది. ఆ కేర్‌టేకర్ల జీతాలు ఎంతో మీకు తెలుసు. వెళ్లినప్పుడల్లా తప్పులెంచకుండా, పేరుపెట్టి పలకరించి, నాలుగు మంచిమాటలు చెప్పండి. మీరు లేనప్పుడు ఆయనతో ఉండేది వాళ్లే.

గుర్తుపట్టడం లేదని వెళ్లడం మానకండి. వెళ్లగానే "నేనెవరు చెప్పండి నాన్నా" అని మాత్రం అడగకండి, మీ తోడబుట్టినవాళ్లనూ అడగనివ్వకండి. "నాన్నా, నేను, మీ అమ్మాయిని. టీ తాగుదామా?" అంటూ కూర్చోండి. పేరు రాకపోయినా, తనవాళ్లెవరో వచ్చారన్న తృప్తి మీరు వెళ్లిపోయాక కూడా కొంతసేపు ఉంటుంది. ఎవరు వచ్చారో మర్చిపోయినా మనసు కుదుటపడటం మాత్రం నిలవడం పరిశోధకులూ గమనించారు. మధ్యాహ్నం నిద్ర వేళ కాకుండా నాలుగున్నరకు, స్నానమయ్యాక వెళ్లి చూడండి. గంటసేపు అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. మాటలు లేకపోతే చేతులకు కొబ్బరినూనె రాయండి, గోళ్లు తీయండి. మీకే దిగులు పట్టుకుని నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. కేంద్రం మీ మాట అసలు వినకపోతే, పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైను 14567.

సంక్రాంతికి తీసుకురండి, కానీ భోగి మంటకు వద్దు. తెల్లవారుజాము చలి, మంట, మేళం, అరుపులు ఆయనకు మరీ ఎక్కువ. పండగ రోజు పదింటికి కారులో తెచ్చి, నలుగురైదుగురికి మించకుండా ఉన్న ఇంట్లో, అలవాటైన కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరిగా పంపండి. అరిసెలు చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. రాత్రి మాత్రం ఉంచొద్దు, చీకట్లో లేచి కొత్త చోట బాత్రూమ్ వెతుక్కుంటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక, రెండున్నరకల్లా బయల్దేరితే నాలుగు గంటల స్నానానికి అక్కడికి చేరిపోతారు. గుమ్మంలో వీడ్కోళ్లు పెట్టుకోకండి. కేర్‌టేకర్ చేతికి స్వీట్ల డబ్బా ఇచ్చి, ఆయన కుర్చీలో కూర్చున్నాక మామూలుగా బయటికి వచ్చేయండి.